తెప్ప, పుట్టి, కయాక్: ఇద్దరికి ఒక పడవ

ఎపిసోడ్ విన్నవాళ్లకు తెలుసు, మైకు ముందు కూర్చుంటే నాకు మాట తడబడుతుంది. సగం చెప్పి సగం మింగేస్తాను. అందుకని అక్కడ వదిలేసినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. ట్రాన్స్‌క్రిప్ట్ చదివితే చాలనుకునేవాళ్లు దీన్ని వదిలేయొచ్చు, ఏమీ అనుకోను.

ఈ రెండేళ్లలో పార్సిప్పనీలో నన్ను చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, మేమిద్దరం చేపలకు పోదామనుకుంటున్నాం. మొదటి కయాక్ ఏది కొనాలి? ఇద్దరం కూర్చునేది ఒకటి కొనాలా, మనిషికొకటి చొప్పున రెండు కొనాలా?" లేక్ హయవాతాలో కూరగాయల షాపు లైన్లో నిలబడి కూడా అడిగారు. ధర, పొడవు, బరువు చెప్పి వదిలేయొచ్చు. కానీ నేను మొదటిసారి తప్పు పడవ కొన్నది ధర తెలియక కాదు, ఆ పడవ ఏ జాతిదో తెలియక. పడవలకూ వంశాలు ఉన్నాయి. మంచు సముద్రంలో పుట్టినదాన్ని ఒకలాగ నడపాలి, మన తీరంలో పుట్టినదాన్ని ఒకలాగ నడపాలి. రెంటినీ ఇప్పుడు ఒకే ప్లాస్టిక్‌తో చేసి, ఒకే షాపులో పక్కపక్కన వేలాడదీసి, రెంటినీ కయాక్ అనే అమ్ముతారు. అక్కడే మనం మోసపోయేది.

ముందు నా సంగతి. ఏప్రిల్ నెలాఖరు ఆదివారం. ఎండ బాగుంది, చొక్కా మీదే తిరుగుతున్నాం. వాడిన పడవ ఒకటి చవగ్గా దొరికింది, ఇద్దరు లోపల కాళ్లు చాపుకుని కూర్చునే రకం. లేక్ హోపాట్‌కాంగ్‌లో దింపాం. ఒడ్డు నుంచి నలభై యాభై అడుగులు పోయామో లేదో, మోటారు బోటు ఒకటి పక్కనుంచి పోయింది. దాని అల తగిలి పడవ ఒరిగింది. నేను గాలం కర్ర పట్టుకోవడానికి అదే పక్కకు వంగాను. అంతే. లోపలికి నీళ్లు బకెట్లతో పోసినట్టు వచ్చాయి. ఎండ పైనే గానీ నీళ్లు ఇంకా మంచువాసనే. పడగానే ఊపిరి ఆగిపోయింది, నోరు తెరిస్తే గాలి రాలేదు. మా ఆవిడ లైఫ్ జాకెట్ వేసుకుని ఉంది కాబట్టి తేలింది. నాది సీటు వెనక మడతపెట్టి ఉంది. ఇద్దరు ముసలాళ్లు బోటులో వచ్చి లాగారు. ఒడ్డున దుప్పటి కప్పుకుని వణుకుతూ ఆమె అన్న మొదటి మాట: "ఏందయ్యా, సైట్లో హార్నెస్ కట్టుకోనోణ్ణి గేటు బయటికి పంపుతావంట గదా?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ దెబ్బతో చదవడం మొదలుపెట్టాను.

కయాక్ అన్న మాట ఇన్యూట్ వాళ్ల ఖజాఖ్ నుంచి వచ్చింది. గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరాల్లో సీల్ జంతువును వేటాడటానికి చేసుకున్న పడవ. అక్కడ చెట్లు లేవు. అలలకు కొట్టుకొచ్చిన కర్రలు, ఎముకలు కలిపి అస్థిపంజరంలా చట్రం కట్టి, దాని మీద సీల్ తోలు బిగించి కుట్టేవాళ్లు. చట్రం మగవాళ్ల పని, తోలు కుట్టడం ఆడవాళ్ల పని. సూది తోలుకి అవతలి వైపు దాకా దిగకుండా, సగం మందంలోనే తిప్పి, రెండు వరసల కుట్టు వేస్తేనే నీళ్లు రావు. కుట్టు తప్పితే భర్త తిరిగి రాడు. వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ చేసే మనబోటివాళ్లకు ఆ పని విలువ తొందరగా అర్థమవుతుంది. కొలతలకు టేపు లేదు. వేసుకునేవాడి ఒళ్లే టేపు: చాచిన చేతుల బారకు మూడు రెట్లు పొడవు, నడుము వెడల్పుకు రెండు పిడికిళ్లు కలిపితే వెడల్పు. అంటే అది ఎక్కే పడవ కాదు, తొడుక్కునే పడవ. కూర్చున్న రంధ్రం చుట్టూ తోలు చొక్కా అంచు బిగించి కట్టేస్తే లోపలికి చుక్క దిగదు. తిరగబడితే తెడ్డుతో ఒక్క తిప్పు తిప్పి మళ్లీ నిటారుగా లేచేవాళ్లు.

మేం కొన్నది ఈ వంశంలో పుట్టిన పడవ. కాకపోతే ఆ తోలు చొక్కా లేదు, ఆ తిప్పు మాకు రాదు, మా నడుము కొలతకు చేసిందీ కాదు. లోపల ముందూ వెనకా గాలి సంచులు కూడా లేవు. అంటే వంశం పేరు మాత్రమే మిగిలింది, విద్య మొత్తం పోయింది.

ఇద్దరి పడవ సంగతికి వస్తే, అది కూడా కొత్తదేం కాదు. అలాస్కా దక్షిణాన ఉన్న అల్యూషియన్ దీవుల వాళ్లకు రెండు రంధ్రాల పడవ ఉండేది. రష్యా వ్యాపారులు వాటిని బైదార్కా అన్నారు. ముందు కూర్చున్నవాడు సముద్రపు ఓటర్ మీద ఈటె విసురుతాడు, వెనకవాడు పడవను కదలకుండా నిలబెడతాడు. ఇద్దరూ ఒకేసారి వేటాడరు. 18వ శతాబ్దంలో ఓటర్ బొచ్చు కోసం రష్యన్లు వచ్చి ఆ వేటగాళ్లను బలవంతంగా పనిలోకి దింపారు. తర్వాత మూడు రంధ్రాల పడవలు వచ్చాయి. మధ్య రంధ్రం ఎవరికనుకున్నారు? తెడ్డు వేయకుండా కూర్చునే దొరకి. ప్రతి సైటులోనూ ఆ మధ్య సీటు మనిషి ఒకడు ఉంటాడు.

ఇప్పుడు రెండో వంశం. ఇది మనది.

కళింగపట్నం నుంచి కిందికి మన తీరమంతా, ఇంకా కింద తమిళనాడు దాకా తెప్ప నడిచింది. నాలుగైదు తేలిక కర్ర దుంగలు చెక్కి, ముందు కొస కాస్త పైకి లేచేట్టు అమర్చి, తాళ్లతో కట్టేస్తే తెప్ప. దానికి లోపల అనేది లేదు. లోపల లేనప్పుడు నీళ్లు నిండేదెక్కడ? అల మీదకొస్తే దుంగల సందుల్లోంచి కిందికి పోతుంది. తిరగబడితే తిప్పుకుని మళ్లీ ఎక్కి కూర్చుంటారు. ఒడ్డుకొచ్చాక తాళ్లు విప్పి దుంగలు ఇసకలో ఆరబెడతారు, లేకపోతే నీళ్లు పీల్చి బరువెక్కుతాయి. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన కర్ర. ఇంగ్లీషువాళ్ల కాటమరాన్ అదే మాట. విలియం డాంపియర్ అనే సముద్ర యాత్రికుడు 1697లో అచ్చు వేయించిన పుస్తకంలో కోరమాండల్ తీరంలో వీటిని చూసిన సంగతి రాశాడు. ఒక్క మనిషి పట్టే చిన్నవి కూడా ఉంటాయనీ, దాని మీద కూర్చున్నవాడి కాళ్లూ పిర్రలూ ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయనీ ఆశ్చర్యపోయాడు. పెద్ద ఓడల్లో వచ్చినవాడికి అది పేదరికంలా కనిపించి ఉంటుంది. కానీ మద్రాసులో సరైన రేవు కట్టేదాకా, అలలు దాటి ఓడ దగ్గరికి ఉత్తరాలు మోసింది కూడా ఈ తెప్పల మీద మనుషులే. గాలీ అలలూ మరీ ముదిరితే పెద్ద పడవ ఆగిపోయేది, తెప్ప పోయేది.

ఆ మాట ఎక్కడెక్కడికి తిరిగిందో చూడండి. 1876లో న్యూయార్క్ పోటీల్లో నథానియేల్ హెరెషాఫ్ అనే ఆయన రెండు సన్నటి పడవలను జోడించి తెరచాప కట్టి, మిగతా అన్నిటినీ వెనకేశాడు. ఓడినవాళ్లు ఇది పడవే కాదని గోల చేసి బహుమతి రానివ్వలేదు. అలాంటి జోడు పడవలకు ఇక్కడ కాటమరాన్ అన్న పేరు స్థిరపడింది, మన తెప్పతో పోలిక తక్కువే అయినా. తర్వాత 1960ల చివర్లో కాలిఫోర్నియాలో సర్ఫ్ బోర్డులు చేసే హోబీ ఆల్టర్ చిన్న కాటమరాన్ చేసి అమ్మాడు, ఇసక మీద నుంచి నేరుగా అలల్లోకి తోసేది. అదే హోబీ కంపెనీ 1997లో కాళ్లతో తొక్కే కయాక్ తెచ్చింది. ఈరోజు చేపలు పట్టేవాళ్లు వేల డాలర్లు పోసి కొంటున్న పెడల్ కయాక్‌ల ప్రచారం అక్కడ మొదలైంది.

ఇంకో పక్క, అదే కాలిఫోర్నియాలో 1970ల మొదట్లో టిమ్ నీమియర్ అనే కుర్రాడు పైన కూర్చునే కయాక్‌లు చేయడం మొదలుపెట్టాడు. తర్వాత ఓషన్ కయాక్ అనే కంపెనీ పెట్టాడు. 1973 నుంచే అమెరికాలో ప్లాస్టిక్ పొడిని అచ్చులో వేసి, వేడి చేస్తూ తిప్పి కయాక్‌లు పోయడం వచ్చింది, మనూళ్లో నల్ల సింటెక్స్ ట్యాంకులు చేసే పద్ధతే. ఆ పద్ధతిలో పైన కూర్చునే కయాక్ చవకైంది. దాని అడుగున ఆరుపార రంధ్రాలు ఉంటాయి. షాపులో మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను, పడవకి చిల్లులేంటి అని. ఆ చిల్లులు దుంగల మధ్య సందులండీ. పైన పడ్డ నీళ్లు కిందికి పోవడానికి. ఆయన మన తెప్పను చూసి చేశాడని నేను అనను. కానీ పని చేసే లెక్క మాత్రం ఒకటే.

ఒక్క తేడా మర్చిపోకూడదు. తెప్ప దుంగ నిండుగా కర్రే, చీలినా తేలుతుంది. ఈ ప్లాస్టిక్‌ది లోపల బోలు. పగులు పడితే లోపల నిండుతుంది, పైకి తెలియదు. వాడినది కొనేటప్పుడు ఆ చిల్లుల చుట్టూ గోరుతో గీకి చూడండి, ఎక్కువగా అక్కడే పగులుతుంది. వెనక బిరడా ఉందో లేదో చూడండి. నేను కాంక్రీట్ పిల్లర్ చూసినట్టు చూస్తాను, అమ్మేవాడు విసుక్కున్నా సరే.

మన దగ్గర కూడా కర్ర తెప్ప ఇప్పుడు తగ్గిపోయింది. 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం ప్రోగ్రామ్ అని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కింద ఒకటి మొదలై, ఇసక ఒడ్డున దిగే కొత్త పడవల మీద పని చేసింది. తర్వాత ఫైబర్ తెప్పలు వచ్చాయి, మోటారు వచ్చింది. ఇప్పుడు విశాఖ వైపు ఒడ్డున మీరు చూసే రంగురంగుల తెప్పలు చాలావరకు ఫైబరే.

జంట పడవ అనగానే నాకు సముద్రం గుర్తురాదు. మాది మాచర్ల వైపు. మాకు నీళ్లంటే సాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మా తాత ఆ డ్యామ్‌కి రాళ్లు మోసినవాళ్లలో ఒకడు. డ్యామ్ వెనక నీళ్లు నిండాక చేపలొచ్చాయి, చేపల వెనక మనుషులొచ్చారు. విశాఖ, తూర్పు గోదావరి వైపు నుంచి మత్స్యకార కుటుంబాలు వలసొచ్చి సాగర్, శ్రీశైలం ఒడ్డుల్లో గుడిసెలు వేసుకున్నాయి. సముద్రం మనుషులు, కొండల మధ్య నీళ్లకొచ్చారు. వాళ్ల చేతిలో తెప్ప కాదు, పుట్టి.

పుట్టి మీకు తెలిసే ఉంటుంది. వెదురు బద్దలతో పెద్ద బుట్ట అల్లి, వెనకటికి తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టానో టార్పాలినో కప్పి తారు పూస్తారు. గుండ్రంగా ఉంటుంది, ముందూ వెనకా లేదు. విజయనగరం చూడ్డానికి 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, తుంగభద్ర దాటడానికి జనం బుట్టల్లాంటి గుండ్రటి పడవలు ఎక్కుతారనీ, బయట తోలు ఉంటుందనీ, పదిహేను ఇరవై మంది పడతారనీ, గుర్రాలు ఎద్దులు కూడా దాటుతాయనీ రాశాడు. సాగర్‌లో పుట్టి ఇద్దరికే. నేను చిన్నప్పుడు చూసినవాటిలో ఆ ఇద్దరూ ఎక్కువగా మొగుడూ పెళ్లాలే. ఆమె ముందుకు వంగి తెడ్డు వేసి నీళ్లను తన వైపు లాక్కుంటుంది, అతను వల వదులుతాడు. పొద్దుగూకే ముందు వల వేసి, తెల్లారుజామున తీసేవాళ్లు. తెడ్డు ఒక్క నిమిషం ఆపితే పుట్టి బొంగరంలా తిరుగుతుంది, వల చుట్టుకుపోతుంది. అంటే చేప పట్టేది ఇద్దరూ. కానీ సొసైటీ కార్డు చాలాచోట్ల భర్త పేరు మీదే. లెక్కల్లో మత్స్యకారుడు ఒక్కడే.

మన భాషలో సంగడి అంటే జత, తోడు. సంగడికాడు అంటే స్నేహితుడు. మలయాళంలో చంగాడం అంటే తెప్ప, బల్లకట్టు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్‌లో మన తూర్పు తీరంలో దుంగ పడవలు జతకట్టి చేసిన పెద్ద పడవలను సంగర అంటారని ఉంది. ఈ మాటలన్నీ ఒకే కుదురువని పండితులు చెబుతారు. టాండెం కయాక్ అన్న మాటకు తెలుగు కావాలని ఎవరో కామెంట్ పెట్టారు, సంగడి పెట్టుకోండి.

ఎపిసోడ్‌లో రెండు నిమిషాల్లో ముగించేసిన మనిషి గురించి ఇక్కడ తీరిగ్గా చెప్పాలి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చినవాడు ఆయనే.

ఆస్కార్ స్పెక్. జర్మనీలో ఎలక్ట్రికల్ పని చేసేవాడు. 1931 మాంద్యంలో పని పోయింది. ఎక్కడో సైప్రస్‌లో రాగి గనుల్లో పని దొరుకుతుందని విన్నాడు. టికెట్‌కి డబ్బుల్లేవు, పడవ ఉంది. మడతపెట్టే రకం. ఆ రకం పడవలు చేసిన కంపెనీల్లో క్లెప్పర్ ఒకటి, రోసెన్‌హైమ్‌లో ఒక దర్జీ కుటుంబం పెట్టిన కంపెనీ. 1907లో మడతపెట్టే కయాక్ పేటెంట్ కొని వ్యాపారం చేసింది. కర్ర చట్రం, పైన రబ్బరు పూసిన గుడ్డ. విప్పి సంచుల్లో సర్ది రైలెక్కొచ్చు. ఇన్యూట్ పడవే, తోలుకి బదులు గుడ్డ. మళ్లీ కుట్టుపని తెలిసినవాడి చేతిలోనే. స్పెక్‌ది ఇద్దరి పడవ, ఒక్కడే ఎక్కాడు. రెండో సీటు చోట సామాను. 1932 మేలో ఉల్మ్ దగ్గర డాన్యూబ్ నదిలో దిగాడు.

సైప్రస్ చేరాడు. అక్కడ ఆగలేదు. సిరియాలో దిగి యూఫ్రటీస్ నది పట్టుకుని కిందికి పర్షియన్ గల్ఫ్‌లోకి వచ్చాడు. ఇక్కడ ఒక చిన్న సంగతి. ఇదే యూఫ్రటీస్ మీద గుండ్రటి తోలు పడవల గురించి హెరొడోటస్ రెండున్నర వేల ఏళ్ల కిందటే రాశాడు. సరుకుతో పాటు ఒక గాడిదను కూడా ఎక్కించుకుని బాబిలోన్ దాకా వచ్చి, సరుకూ చట్రమూ అమ్మేసి, తోళ్లు గాడిద మీద వేసుకుని నడిచి ఇంటికి పోయేవాళ్లట. ప్రవాహానికి ఎదురు పోలేరు కదా. మన పుట్టికి చుట్టం, మడతపెట్టే కయాక్‌కి తాత.

స్పెక్ ఇరాన్ తీరం వెంట ఎండలో, మలేరియాతో, దొంగతనాలు తట్టుకుంటూ పోయాడు. దుబాయ్, మస్కట్ నుంచి ఇది చదివే తమ్ముళ్లకు ఆ ఎండ నేను వర్ణించక్కర్లేదు. నేనూ మస్కట్‌లో తొమ్మిదేళ్లు చేశాను. మీ ఎదురుగా కనిపించే నీళ్ల అవతలి ఒడ్డున అతను తెడ్డు వేశాడు. తర్వాత ఇండియా పశ్చిమ తీరం దిగి, 1935లో కొలంబో చుట్టి, మద్రాసు మీదుగా పైకి కలకత్తా. అంటే మన తీరం మొత్తం అతని ఎడమ చేతి వైపున పోయింది. అలల్లోంచి దిగడం, అలల్లోకి పోవడం ఆ లోపలి రకం పడవకు ఎంత కష్టమో హోపాట్‌కాంగ్‌లో తిన్న దెబ్బ తర్వాత నాకు అర్థమైంది. ఆ పక్కనే మన తెప్పలవాళ్లు రోజూ పోయి వస్తున్న అలలే అవి. ఒకళ్లనొకళ్లు చూసుకుని ఏమనుకుని ఉంటారో అని నాకు ఒకటే కుతూహలం. గుడ్డ పడవలో తెల్లవాడు, కట్టెల మీద నల్లవాళ్లు.

బర్మా, మలయా, జావా, న్యూగినీ. 1939 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా దీవి మీద కాలు పెట్టాడు. ఏడేళ్లు దాటింది. ఒడ్డున పోలీసులు ఎదురొచ్చి, ఇంత దూరం వచ్చినందుకు మెచ్చుకుని, వెంటనే అరెస్టు చేశారు. అప్పటికి కొన్ని రోజుల ముందే యుద్ధం మొదలైంది, జర్మన్ అంటే శత్రువు. యుద్ధం అయ్యేదాకా క్యాంపులో ఉంచారు. వదిలాక లైట్నింగ్ రిడ్జ్‌కి పోయి ఓపల్ రాళ్ల పనిలో స్థిరపడ్డాడు. ఆయన ఫొటోలు, ఫిల్ములు, కాగితాలు సిడ్నీలో నేషనల్ మ్యారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. పని వెతుక్కుంటూ బయల్దేరినవాడి కథ ఇలాగే ఉంటుంది, బయల్దేరిన చోటుకీ చేరిన చోటుకీ పొంతన ఉండదు. ఏడేళ్లూ ఆ రెండో సీటులో మనిషి లేడు. మస్కట్ తొమ్మిదేళ్లూ మా ఇంట్లోనూ అంతే. ఇక్కడ నా సంగతి ఆపేస్తాను.

ఇక మనం పడవ వేసే నీళ్ల గురించి. పార్సిప్పనీలో 287 రోడ్డు మీద పోతుంటే పక్కన పెద్ద చెరువు కనిపిస్తుంది, బూంటన్ రిజర్వాయర్. 1904లో కట్టారు, పాత బూంటన్ ఊరి చోటు దాని అడుగున ఉంది. 1908లో అమెరికాలో మొదటిసారి ఒక ఊరి తాగునీటిలో నిరంతరంగా క్లోరిన్ కలపడం ఇక్కడే మొదలైంది, డాక్టర్ జాన్ లీల్ చలవ. కానీ అది జెర్సీ సిటీ తాగే నీళ్లు, పడవ వేయనివ్వరు. చూసి ఆశపడకండి.

మేం మునిగిన హోపాట్‌కాంగ్ న్యూజెర్సీలో అన్నిటికంటే పెద్ద చెరువు, సుమారు 2,500 ఎకరాలు. అది కూడా మొత్తం దేవుడు చేసింది కాదు. మోరిస్‌టౌన్ వ్యాపారి జార్జ్ మెకల్లక్ 1822లో అక్కడ చేపలు పడుతూ, ఈ నీళ్లను రెండు పక్కలకూ వదిలితే కొండల మీదుగా కాలువ నడపొచ్చు కదా అనుకున్నాడని చెప్పుకుంటారు. 1824లో కంపెనీకి అనుమతి వచ్చింది, 1831కి డెలావేర్ నది ఒడ్డు ఫిలిప్స్‌బర్గ్ నుంచి నూవర్క్ దాకా కాలువ వచ్చింది. 1836కి జెర్సీ సిటీ దాకా. తవ్వినవాళ్లలో ఐరిష్ వలస కూలీలు ఎక్కువ. డెలావేర్ వైపు నుంచి 760 అడుగులు ఎక్కాలి, ఇటు 914 అడుగులు దిగాలి. అంత ఎత్తు మామూలు లాకులతో అవదు. అందుకని 23 చోట్ల వాలు మీద పట్టాలు వేశారు. బొగ్గు నిండిన పడవను బండి మీదకు ఎక్కించి, తాడు కట్టి, పైనుంచి వచ్చే నీళ్లతోనే చక్రం తిప్పి కొండ మీదకు లాగేవాళ్లు. వాలు కొసన పడవ నడుం విరగకుండా, పడవను రెండు ముక్కలుగా చేసి మధ్యలో కీలు పెట్టారు. ఇంజినీరింగ్ అంటే నాకు ఇలాంటిదే ఇష్టం, పెద్ద మాటలు లేకుండా ఒక కీలు. రైలు వచ్చి కాలువను చంపేసింది, 1924లో మూసేశారు. నూవర్క్‌లో కొంత కాలువ గుంతలోనే సబ్‌వే రైలు పట్టాలు వేశారు. కాలువ కోసం నింపిన చెరువు మాత్రం మిగిలింది, మనలాంటివాళ్లు బోల్తా పడటానికి.

సరే, అసలు ప్రశ్న. ఇంత చదివాక మేం ఏం కొన్నాం?

పైన కూర్చునే రకం, ఇద్దరిది, ఒకటే. సీటు జరిపితే ఒక్కరు కూడా నడపగలిగేది. ఇక్కడివాళ్లు ఇద్దరి కయాక్‌ని సరదాగా విడాకుల పడవ అంటారు, ఎందుకో మొదటి గంటలోనే తెలుస్తుంది. ఇద్దరి తెడ్లూ తాళం తప్పి కొట్టుకుంటాయి. వెనకవాడి గాలం ముందుమనిషి టోపీలో దిగుతుంది. మేం పుట్టి పద్ధతి పెట్టుకున్నాం: ఒకళ్లు గాలం పడితే ఒకళ్లు తెడ్డు. గంటకోసారి మార్పు. అల్యూషియన్ వాళ్లదీ అదే పద్ధతి కదా. ఇద్దరికీ ఒకేసారి గాలం పట్టాలని ఉంటే, ఇద్దరికీ ఈత వస్తే, కారు మీద రెండు పడవలు కట్టే ఓపిక ఉంటే, నిస్సంకోచంగా రెండు కొనుక్కోండి. మా ఆవిడకు ఈత రాదు. చేతికందే దూరంలో ఉండటం మా ఇద్దరికీ కావాలి.

పెడల్ రకం మేం కొనలేదు. చేతులు ఖాళీగా ఉంటాయి, నిజమే, డబ్బులు కూడా ఖాళీ అవుతాయి. బరువు ఎక్కువ. పడవ ఎత్తి కారు మీద పెట్టగలరా అన్నది కొనే ముందు షాపులోనే ఇద్దరూ ఎత్తి చూడండి. దాని మీద రాసిన బరువు పరిమితి మీ ఇద్దరి బరువు కాదు, ఐస్‌బాక్స్, లంగరు, తడిసిన బట్టలతో కలిపి. అందులో మూడోవంతు మిగిలేలా చూసుకుంటాను నేను, క్రేన్ లోడ్ లెక్కలాగా.

లైసెన్స్ ఇద్దరికీ విడివిడిగా తీసుకోండి. న్యూజెర్సీ మంచినీళ్లలో 16 నుంచి 69 ఏళ్ల వాళ్లకు తప్పనిసరి. ఒక్కరిదే చాలు, పట్టేది నేనే కదా అనుకోకండి. నేను మొదట అలాగే అన్నాను. "సాగర్‌లో ఆడోళ్ల లెక్కనేనా నాది?" అంది. తనదే ముందు తీశాం.

జాకెట్ గురించి చెప్పే అర్హత నాకు లేదు, అయినా చెబుతున్నాను: సీటు వెనక ఉన్న జాకెట్ జాకెట్ కాదు. ఏప్రిల్‌లో, అక్టోబర్ తర్వాత గాలి వేడి చూసి దిగకండి, నీళ్లలో చెయ్యి పెట్టి చూసి దిగండి.

ఈ ఏడాది జూన్ మొదటి వారంలో స్ప్లిట్ రాక్ రిజర్వాయర్‌కి పోయాం. పెట్రోల్ ఇంజన్లు రానివ్వరు, అందుకని అలలు లేవు. నేను తెడ్డు, తను ముందు సీటులో గాలం. అరగంటకు మూరెడు బాస్ ఒకటి పడింది. తీగ తెగుతుందేమోనని అరుస్తూ, పడవ ఊపేస్తూ, చివరికి పైకి లాగింది. న్యూజెర్సీలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 15 దాకా బాస్ పడితే వెంటనే నీళ్లలో వదిలేయాలి, గుడ్లు పెట్టే కాలం. ఆ మాట చెబితే నా వైపు తిరిగి, చేప చేతిలోనే పెట్టుకుని, "ఈ సంగతి పొద్దున చెప్పొద్దా? ఇంట్లో చింతపండు నానేసొచ్చా" అంది.

వదిలేసింది. తర్వాత వంతు నాది, నాకు ఏమీ పడలేదు. ఆ చింతపండుతో రాత్రి చారు పెట్టింది.